ముప్పై పాలపిట్టలు

గోపాల్‌పేట దాటాక నాగర్‌కర్నూల్ వైపు వెళ్లే రోడ్డులో ఒక గుట్ట దిగుడు ఉంది. బుధవారం పొద్దున పదకొండు గంటలకు బాలరాజు ఆ దిగుడులో బ్రేకు వేశాడు. ఇరవై ఏళ్ల గూఢచారి ఉద్యోగంలో అతను చేసిన చివరి పని అదే.

ఎదురుగా లారీ లేదు, మలుపు కూడా లేదు. ఒక కుక్క అడ్డం వచ్చింది, అంతే. కుక్క బతికిపోయింది. బండి మాత్రం ముందు చక్రం మీద నిట్టనిలువుగా లేచి, బాలరాజును హ్యాండిల్ మీదుగా విసిరేసి, తనూ వచ్చి అతని మీదే పడింది. పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లలో కొందరు బ్రేక్ ఫెయిలన్నారు, కొందరు తాగి నడిపి ఉంటాడన్నారు. బాలరాజు జన్మలో మందు ముట్టలేదు.

మర్నాడు తెల్లవారగానే హైదరాబాద్‌లో, బయట బోర్డు లేని ఒక పాత భవనం మూడో అంతస్తులో, చీఫ్ సరోజ ఒక ఫైలు తెరిచింది.

"కూర్చోండి, దేవరాజు గారూ."

దేవరాజు కూర్చున్నాడు. కూర్చుంటుంటే మోకాళ్లు రెండూ టకటకమన్నాయి. లిఫ్టు ఆరు నెలలుగా పనిచేయడం లేదు. అతనికి రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఈ మధ్య అతను శత్రువుల్ని తలచుకోవడం మానేసి మెట్లనే తలచుకుంటున్నాడు.

"బాలరాజు చావు యాక్సిడెంట్ కాదు. కోబాల్ట్ పని," అంది సరోజ.

కోబాల్ట్ అంటే ఒక విదేశీ ముఠా. పైకి చూస్తే బండ్ల బ్రేకులు అమ్మే వ్యాపారం. లోపల చూస్తే తమ సరుకు కొనని దేశంలో ప్రమాదాలు పుట్టించే వ్యాపారం. మన దగ్గర తయారైన 'పాలపిట్ట 125' అనే కొత్త మోటార్ సైకిల్ వాళ్ల కంట్లో పడింది. బ్రేకులతో సహా అంతా ఇక్కడే చేసిన బండి అది. ఐదు దేశాలు కొనడానికి సిద్ధంగా ఉన్నాయి. ముందుగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నాలుగు వేల బండ్లు రోడ్డెక్కాయి. పాలపిట్ట ప్రాణాలు తీస్తుందని లోకానికి చూపించే ఒక్క వీడియో దొరికితే చాలు కోబాల్ట్‌కి.

"బాలరాజు వాళ్ల గోడౌన్‌లో హమాలీగా దూరాడు, అక్కడి పాలపిట్ట మీదే తిరిగాడు. చనిపోయే ముందు పంపిన ఆఖరి మెసేజ్ ఇదీ." సరోజ కాగితం చూసి చదివింది. "పాలపిట్ట బ్రేకులో దొంగ బిళ్ల. రిమోట్‌తో పనిచేస్తుంది. ఆదివారం ముప్పై."

"ముప్పై ఏంది మేడమ్?"

"అది కనుక్కోవడమే మీ పని. గద్వాలలో మానసను కలవండి. కోబాల్ట్‌లో మనం పెట్టిన మనిషి."

"మేడమ్, నా మోకాళ్లు చూసిన్రా? పడుచు పిలగాండ్లు లేరా ఆఫీసుల?"

"ఉన్నారు. వాళ్లకి వీపనగండ్ల ఎక్కడుందో తెలీదు. మీ సొంతూరే కదా."

అలా తేలిపోయింది. మారువేషం: ఊరూరా తిరిగి హెల్మెట్లు అమ్ముకునే ముసలాయన. సామగ్రి: ఒక పెట్టుడు మీసం, తలపాగా, పదహారేళ్లనాటి డిపార్ట్‌మెంట్ బండి, టిఫిన్ డబ్బాలో అమర్చిన జామర్.

"ఇది ఆన్ చేస్తే చుట్టూ అర కిలోమీటరు దాకా ఏ రిమోట్ పనిచేయదు," అంది సరోజ.

"ఎంత సేపు?"

"గంట పనిచేయాలి. బ్యాటరీ పాతబడింది కాబట్టి పదకొండు నిమిషాలు."

"కొత్త బ్యాటరీ?"

"ఇండెంట్ పెట్టాం," అంది సరోజ, కళ్లు ఫైలు మీంచి ఎత్తకుండా.

దేవరాజు లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "నాగర్‌కర్నూల్ల నా బిడ్డ ట్రాఫిక్ ఎస్సై. నేను విత్తనాల కంపెనీల పనిచేస్తున్ననే అనుకుంటది ఇంకా."

"అలాగే అనుకోనివ్వండి. కంటపడకండి."

కూతురి కంట పడకుండా తిరగడం దేవరాజుకు కొత్తేం కాదు. శ్రీవాణికి ఎనిమిదేళ్లప్పుడు, వీపనగండ్ల రోడ్డులో అతని బండికి ఒక బర్రె అడ్డం వచ్చింది. వెనకాల భార్య లక్ష్మీదేవమ్మ కూర్చుని ఉంది. అందరిలాగే అతనూ కాలి బ్రేకు ఒక్కటే తొక్కాడు. వెనక చక్రం జారి బండి పక్కకు ఒరిగింది. అతనికి చెయ్యి గీసుకుపోయింది, ఆమె మళ్లీ లేవలేదు. ముందు బ్రేకు కూడా పట్టి ఉంటే బండి నిలబడేదని దవాఖానలో ఎవరో అన్నారు. ఆ మాట అతనికి ఈ రోజుకీ గుచ్చుకుంటూనే ఉంది.

శ్రీవాణికి బండి నేర్పే రోజు వచ్చినప్పుడు వీపనగండ్ల బడి మైదానంలో అతను పక్కన పరుగెత్తాడు. మొదటి నెల కాలి బ్రేకే. కుడి మోకాలి మీద అరచేత్తో చరుస్తూ, "కాలు బిడ్డా, కాలు!" అని అరిచేవాడు. రెండో నెల నుంచి ముందు బ్రేకు. రెండూ కలిపి పట్టడం వచ్చేదాకా మైదానం దాటనివ్వలేదు. బండి మీద ఉండగా ఫోన్ ఎత్తొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. పిల్ల అన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. తండ్రి చెప్పిన మాట అంత శ్రద్ధగా వినే పిల్ల ఉండటం అదృష్టమని అతను అనుకునేవాడు.

*

గద్వాలలో మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది, జనవరి అయితేనేం. హెల్మెట్లు గుత్తులుగా కట్టిన బండిని దేవరాజు ఒక చీరల దుకాణం ముందు ఆపాడు. దారి పొడవునా ఒక్కటి అమ్ముడుపోయింది. "ఎండకు తలకాయ ఉడుకుతది పెద్దయ్యా," అని మగవాళ్లు తప్పుకున్నారు. ఒకామె మాత్రం కోడిపిల్లలకు నీళ్లు పెట్టడానికి పనికొస్తుందా అని అడిగింది. పనికొస్తుందని చెప్పి అమ్మేశాడు.

నల్లకళ్లద్దాలు, ఎర్రటి గద్వాల పట్టుచీర, వేలికి కారు తాళం. దుకాణంలోంచి దిగుతున్న ఆ మనిషిని చూస్తే బజారంతా ఒక్క క్షణం పని ఆపింది. మానస అలంపూర్ పిల్లే అయినా ఇప్పుడు నాలుగు దేశాల భాషలు మాట్లాడుతుంది. ఏ దేశం తరఫున మాట్లాడుతోందో మాత్రం ఎవరికీ తెలియదు.

"కోటకొమ్మ అంచు చీర దొరుకుతదా మేడమ్?" అన్నాడు దేవరాజు. అది సంకేతం.

"దొరుకుతుంది. ఆకుపచ్చ లేదు." అది జవాబు. ఆమె ఒక హెల్మెట్ తీసి, అద్దంలో చూసుకుంటున్నట్టు తిప్పుతూ గొంతు తగ్గించింది. "కోబాల్ట్ నుంచి క్రోల్ అనే మనిషి దిగాడు. రోడ్డు భద్రత నిపుణుడినని చెప్పుకుంటున్నాడు. ముప్పై అంటే ముప్పై రైలు పెట్టెల నిండా పాలపిట్ట బండ్లు. ఆదివారం పన్నెండుకి గద్వాల రైల్వే స్టేషన్ నుంచి బయలుదేరుతున్నాయి. రిమోట్ అక్కడే ఉంటుంది."

"పక్కానా?"

"మీకు నమ్మకం లేకపోతే నేనేం చేయను?" అని నవ్వింది. హెల్మెట్ కొనలేదు.

దేవరాజు నమ్మాడు. నిజానికి నమ్మడం కన్నా, ఆ పూటకి ఒక జవాబు దొరికితే చాలనిపించింది. వయసులో ఉన్నప్పుడైతే ఆ నవ్వుని మూడుసార్లు అనుమానించేవాడు.

శుక్రవారం, శనివారం పాలపిట్ట బండ్ల మీంచి పడినవాళ్ల కోసం తిరిగాడు. నాలుగు వేల బండ్లలో పడింది ముగ్గురే. అలంపూర్ చౌరస్తా దగ్గర ఒక రిటైర్డ్ జవాను, వనపర్తిలో డ్రైవింగ్ స్కూల్ మాస్టారు, గోపాల్‌పేట దిగుడులో బాలరాజు. ముగ్గురి వెనకా ఒక తెల్ల కారు కనిపించిందని చూసినవాళ్లు చెప్పారు.

జవాను దవాఖాన మంచం మీద రెండు కాళ్లకూ కట్లతో ఉన్నాడు. "ముప్పై ఏండ్లు మిలిటరీ బండ్లు నడిపిన. ఒక్కపారి పడలే. దినాం తాగి నడిపేటోళ్లు మంచిగనే తిరుగుతున్నరు, నేనే పడ్డ," అని గోడవైపు తిరిగాడు. దేవరాజుకు అదే అర్థం కాలేదు. పద్ధతిగా నడిపే ముగ్గురే పడ్డారు. అడ్డదిడ్డంగా నడిపే మిగతా వాళ్లకి చీమ కుట్టలేదు.

శనివారం సాయంత్రం వనపర్తి లాడ్జిలో మోకాళ్లకు జండూబామ్ రాసుకుంటుండగా శ్రీవాణి ఫోన్ చేసింది.

"నాయినా, ఏడున్నవ్?"

"కర్నూల్ల బిడ్డా. పల్లి విత్తనాల మీటింగు."

"రేపు మా రోడ్డు భద్రత ర్యాలీ ఉంది. గద్వాల కెల్లి మొదలుపెట్టి గిటు దిక్కు వస్తం. ఆఖర్ల డెమో. మావోళ్లను మంచిగ తయారు జేసిన నాయినా, అందరికి నువ్వు చెప్పినట్టే చెప్పిన. ఇంటున్నవా?"

"ఇంటున్న బిడ్డా. యాళ్లకు తిను," అన్నాడు దేవరాజు. అతను వినడం లేదు. రెండో మోకాలికి బామ్ రాస్తున్నాడు.

*

ఆదివారం పొద్దున గద్వాల స్టేషన్‌కు బయలుదేరిన దేవరాజు బండి వనపర్తి దాటకుండానే చైను తెంపుకుంది. తోసుకుంటూ ఏసురత్నం మెకానిక్ షెడ్డు దాకా వచ్చాడు. ఏసురత్నం తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో బైబిలుతో షట్టర్ దించుతున్నాడు.

"ఇయ్యాల ఆదివారం అన్నా. చర్చికి పోవాలె."

"జర చూడు తమ్మీ. శానా అర్జెంటు."

ఏసురత్నం అతని ముఖం చూశాడు, మీసం చూశాడు, నిట్టూర్చి బైబిలు బల్ల మీద పెట్టి చొక్కా చేతులు మడిచాడు. షెడ్డు మూల ఒక పాలపిట్ట నుజ్జయి పడి ఉంది. డ్రైవింగ్ స్కూల్ మాస్టారి బండి.

"తమ్మీ, నీకో మాట అడుగుత. ఈ బండ్లు నాలుగు వేలున్నయి. పడ్డది ముగ్గురే. అదీ మంచిగ నడిపేటోళ్లే. ఎందుకంటవ్?"

ఏసురత్నం చైనులోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "ముందు బ్రేకు వట్టిన్రు గద, అందుకే."

"అంటే?"

"మనోళ్లు ముందు బ్రేకు ఏడ వడ్తరన్నా? వడితే బోర్ల వడ్తమని భయం. మా తాత చెప్పిండు, నాయిన చెప్పిండు. సర్వీసింగుకు వచ్చే బండ్లు సూడు, వెనక లైనర్లు అరిగి అరిగి రేకు తేలుతయి, ముందు ప్యాడ్లు షోరూముల వెట్టినట్టే ఉంటయి. కొందరైతే ఆ లీవరుకు టిఫిన్ సంచి తగిలిస్తరు." నవ్వాడు. "మిలిటరీ ఆయన వడ్తడు, డ్రైవింగ్ సారు వడ్తడు. చదువుకున్నోళ్లు."

దేవరాజు ఒక్క ఉదుటున లేచి మూలనున్న బండి దగ్గరికి వెళ్లాడు. మోకాళ్లు గుర్తు రాలేదు. ఇద్దరూ కలిసి ముందు బ్రేకు పెట్టె విప్పారు. చక్రం బిగుసుకుపోకుండా చూడాల్సిన ఆ పెట్టెలో చింతగింజంత నల్లటి బిళ్ల ఒకటి అతికించి ఉంది. కంపెనీది కాదు.

"ఇదేంది దొంగ సొమ్ము?" ఏసురత్నం దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. తీగలు కలిపి, చక్రాన్ని ముందు చేత్తో, తర్వాత గ్రైండర్ ఆనించి జోరుగా తిప్పి చూసి పెదవి విరిచాడు. "మెల్లగ తిరిగితే ఏం జేస్తలేదు. నలభై మీద స్పీడుంటే, లీవర్ వట్టంగనే చక్రాన్ని కసుక్కున వట్టేస్తది. ఇగ ఇడవది. బోర్ల వడుడే."

కోబాల్ట్ మూడు నెలలుగా తెల్ల కారులో తిరుగుతూ, రిమోట్ నొక్కి ఈ బిళ్లల్ని మేల్కొలుపుతూనే ఉందన్నమాట. వందల బండ్ల మీద నొక్కింది. పాలమూరు జనం తాతల నాటి భయంతో కాలి బ్రేకే తొక్కుతూ హాయిగా ఇళ్లకు చేరారు. అంత పెద్ద అంతర్జాతీయ కుట్ర ఒక చాదస్తం ముందు బోల్తా పడింది. అందుకే వాళ్లకిప్పుడు ముందు బ్రేకు పట్టేవాళ్లు కావాలి. కెమెరాల ముందు, ఒకేసారి పట్టేవాళ్లు.

అప్పుడు వినిపించింది దేవరాజుకు, నిన్న వినని మాట. అందరికి నువ్వు చెప్పినట్టే చెప్పిన.

"తమ్మీ, ఈ రోడ్డు భద్రత ర్యాలీ ఏంది? ఎంతమంది?"

"పేపర్ల వచ్చింది గదన్నా. ముప్పై మంది. అన్నీ పాలపిట్టలే, ఎవరో ఫారిన్ దొర ఊకెనే ఇచ్చిండట. గోపాల్‌పేట దిగుడు కాడ స్టేజీ గట్టిన్రు. పదకొండు గంటలకు యాభై స్పీడుల దిగొచ్చి, సున్నం గీత కాడ అందరు ఒక్కపారే ముందు బ్రేకు వట్టి చూపిస్తరట. లైవ్ గుడ ఉంది."

గోడ గడియారంలో పది దాటి పది నిమిషాలైంది.

శ్రీవాణికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. బండి మీద ఉంటే ఆ పిల్ల ఫోన్ ఎత్తదు. ఒట్టు వేయించింది ఎవరు? తనే. దేవరాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

చీఫ్ మొదటి రింగుకే ఎత్తింది. మొత్తం వింది. "మానస మనల్ని స్టేషన్‌కు పంపింది."

"తర్వాత చూద్దాం మేడమ్. ర్యాలీ ఆపియ్యండి."

"ఎలా ఆపిస్తాం? క్రోల్ స్టేజీ మీద ముఖ్య అతిథి. రిమోట్ అతని జేబులోనో, చేతిలోనో. స్టేజీ దగ్గర పోలీసులు కదిలితే ఆ క్షణమే నొక్కుతాడు. రోడ్డు మీద ఎవరైనా అడ్డం పడి ఆపమంటే, మీ అమ్మాయి ఏం చేస్తుంది?"

"బ్రేకు వేస్తది," అన్నాడు దేవరాజు. ఆపితే బ్రేకు వేస్తారు, వేస్తే పోతారు. ఆపకపోయినా గీత దగ్గర వేస్తారు.

"మీ దగ్గర జామర్ ఉంది. అతను రిమోట్ నొక్కే టైముకి అది ఆన్‌లో ఉండాలి. వెళ్లండి."

చైను బిగించడం అప్పుడే అయింది. దేవరాజు బండి ఎక్కి కిక్కు కొట్టాడు. "అన్నా! హెల్మెట్!" అని ఏసురత్నం వెనక నుంచి కేకేశాడు. ఇంజను రొదలో అది వినిపించలేదు. బండి వెనక కట్టిన ఇరవై తొమ్మిది హెల్మెట్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ వెళ్లిపోయాయి.

*

దిగుడు దగ్గరికి చేరేసరికి పదీ యాభై రెండు. కింద, గుట్ట మొదట్లో, షామియానా వేసి స్టేజీ కట్టారు. జనం, కెమెరాలు, మైకు. ముందు వరసలో పొడవాటి తెల్లమనిషి, మెడలో బంతిపూల దండ. పక్కన ఎర్ర చీరలో మానస. స్టేజీ పక్కన బెలూన్లు కట్టిన ఒక పాలపిట్టను ప్రదర్శనకు పెట్టారు. దానికి నూరు గజాల ఇవతల రోడ్డుకు అడ్డంగా సున్నం గీత.

దేవరాజు సగం దిగుడులో, గీతకు రెండు వందల గజాల పైన, రోడ్డు పక్కన హెల్మెట్లు పరిచి బేరగాడిలా కూర్చున్నాడు. మిట్టకు అవతల రోడ్డు కనిపించదు, బండ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. పదీ యాభై ఎనిమిదికి టిఫిన్ డబ్బా మూత తిప్పాడు. పచ్చ లైటు వెలిగింది. పదకొండు నిమిషాలు. పదకొండు గంటలకు డెమో. సరిపోతుంది.

పదకొండైంది. బండ్లు రాలేదు. మైకులో ఎవరో, "కాసేపట్లో, కాసేపట్లో," అన్నారు.

పదకొండూ ఐదు. స్టేజీ మీద ఎవరికో శాలువా కప్పుతున్నారు.

ముప్పై మూడేళ్ల అనుభవమున్న గూఢచారి చేయకూడని తప్పు దేవరాజు చేశాడు. మన దగ్గర ర్యాలీ టైముకొస్తుందని అనుకున్నాడు. పదకొండూ తొమ్మిదికి పచ్చ లైటు ఎర్రగా మారి, ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. డబ్బాను నేలకేసి కొట్టాడు. మూత ఊడింది, లైటు వెలగలేదు.

సరిగ్గా మూడు నిమిషాల తర్వాత మిట్ట మీద ఇంజన్ల హోరు వినిపించింది. ముందు ఒక హెల్మెట్, దాని వెనక జంటలు జంటలుగా మిగతావి. అన్నిటికన్నా ముందున్నది శ్రీవాణి. నడుము నిటారుగా పెట్టి, కుడిచేతి రెండు వేళ్లు ముందు బ్రేకు లీవరు మీద ఆనించి ఉంచింది. ఎలా ఆనించాలో బడి మైదానంలో అతనే నేర్పాడు.

కింద క్రోల్ కారు తాళం లాంటిదేదో బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని బొటనవేలు ఆనించాడు.

దేవరాజు లేచాడు. రోడ్డు మధ్యకు ఉరకబోయి ఆగిపోయాడు. అడ్డం పడితే ఆ రెండు వేళ్లు బిగుస్తాయి. లక్ష్మీదేవమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది. దేవుడా, ఇంకొక్కసారి వద్దు అనుకున్నాడు, ఎప్పుడూ దేవుణ్ని ఏదీ అడగనివాడు.

పెట్టుడు మీసం పట్టి లాగేశాడు. తలపాగా విసిరేశాడు. ముప్పై మూడేళ్లు దాచుకున్న ముఖంతో, రోడ్డు అంచున, అంతమంది చూస్తుండగా నిలబడి, కుడి అరచేతిని పైకెత్తి కుడి మోకాలి మీద ఫెడీమని చరిచాడు. నొప్పి నషాళానికంటింది. మళ్లీ చరిచాడు. మళ్లీ.

"కాలు బిడ్డా! కాలు!"

హోరులో ఆ అరుపు ఆమెకు వినిపించే వీల్లేదు. కనిపించింది మాత్రం నిజం. హెల్మెట్ అద్దం వెనక రెండు కళ్లు అతని మీద నిలిచాయి. కర్నూలులో విత్తనాల మీటింగులో ఉండాల్సిన నాయిన రోడ్డు పక్కన మోకాలు చరుచుకుంటున్నాడు. ఇంకొకరైతే ఏమైందా అని ఆలోచించేవారు. ఆ పిల్ల ఆలోచించలేదు. పద్నాలుగేళ్లనాటి మైదానం ఆమె కాలికి ఇంకా గుర్తుంది.

శ్రీవాణి కుడిచేయి లీవరు మీంచి లేచింది. గాలిలోకి ఎత్తి తన కుడి మోకాలి మీద చరుచుకుంది. ముందున్న మనిషి చేసిన సైగే వెనకవాళ్లు చేయాలని వారం రోజులు వాళ్లకు నూరిపోసింది ఆమే. రెండో వరస చేతులు లేచాయి. తర్వాత మూడోది. ముప్పై కుడిచేతులు లీవర్లను వదిలి ముప్పై మోకాళ్ల మీద పడ్డాయి. మోకాలు చరుస్తున్న చెయ్యి బ్రేకు పట్టలేదు కదా.

కింద క్రోల్ బొటనవేలు నొక్కింది. ఏమీ జరగలేదు.

ముప్పై కాళ్లు వెనక బ్రేకులు తొక్కాయి. టైర్లు కీచుమన్నాయి, రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. ఒక బండి పక్కకు జారి నడిపే పిల్లవాడి మోచెయ్యి చెక్కుకుపోయింది. ఇంకొకటి తుమ్మపొదలో ఆగింది. మిగతావి ఊగుతూ, వంకరలు పోతూ, నల్లని చారలు గీసుకుంటూ సాగిపోయాయి. శ్రీవాణి ముందు చక్రం సున్నం గీతకు జానెడు ఇవతల నిలిచింది.

దేవరాజు అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు.

కింద గొడవ మొదలైంది. క్రోల్ రిమోట్‌ను మానస ఒళ్లో పడేసి, దండ తెంపేసి, బెలూన్లతో సహా ప్రదర్శన బండి ఎక్కి నాగర్‌కర్నూల్ దారి పట్టాడు. అరవై దాటించి ఉంటాడు. సరిగ్గా అప్పుడే ఈరన్న అనే గొర్రెల కాపరి, రోజూ ఆ వేళకు దాటించినట్టే, నూటయాభై గొర్రెలను రోడ్డు దాటిస్తున్నాడు. క్రోల్ పుట్టిన దేశంలో అందరికీ బండి పద్ధతిగా నేర్పుతారు. ప్రాణం మీదికొచ్చినా ఆ పద్ధతి పోదు. అతని వేళ్లు ముందు బ్రేకును గట్టిగా పట్టుకున్నాయి.

తనే పెట్టించి, ఇందాక తనే రిమోట్‌తో మేల్కొలిపిన బిళ్ల తన పని చేసింది. క్రోల్ రెండు గొర్రెల మీదుగా ఎగిరి, పక్కన నాటుకు దున్నిన బురద మడిలో తలకిందులుగా దిగాడు. చావలేదు, జబ్బ ఎముక మాత్రం విరిగింది.

ఈరన్న గట్టు మీద కర్ర ఆనించుకుని అతణ్ని కాసేపు జాలిగా చూశాడు. "ముందు బ్రేకు ఎవలన్న వడ్తరా?" అన్నాడు చుట్టూ చేరినవాళ్లతో. "గింత పెద్ద దొర, గా మాత్రం తెల్వదా?"

*

దేవరాజు దగ్గరికి మొదట వచ్చింది మానస. రిమోట్‌ను రుమాలులో చుట్టి అతని చేతిలో పెట్టింది. "మీకివ్వాలనే తీసిపెట్టాను. నేను మొదట్నుంచీ మీ మనిషినే."

"పొద్దుగాల కెల్లా, పదకొండూ పన్నెండు నిమిషాల కెల్లా?" అన్నాడు దేవరాజు.

ఆమె నవ్వింది. ఈసారి ఆ నవ్వుని అతను మూడుసార్లు అనుమానించాడు. వెనక నిలబడ్డ ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లకు కళ్లతో సైగ చేశాడు. అలంపూర్ దాకా తోడు వెళ్లడానికి కాదని ఆమెకు వెంటనే అర్థమైంది.

తర్వాత శ్రీవాణి వచ్చింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. జుట్టంతా చెమటకు తడిసిపోయి ఉంది. చేతిలో, క్రోల్ పడిన పాలపిట్ట నుంచి ఊడిన నల్లబిళ్ల ఉంది. దాన్ని తండ్రి ముందు పట్టుకుంది.

"కర్నూల్ల మీటింగు అయిపోయిందా నాయినా?"

దేవరాజు తల దించుకున్నాడు.

"పద్నాలుగేండ్లు ముందు బ్రేకు, ముందు బ్రేకు అని పానం తీస్తివి. ఇయ్యాల కాలు అంటివి. ఎందుకని గుడ అడగకుండ తొక్కిన." ఆమె రోడ్డు మీద పడి ఉన్న మీసాన్నీ, టిఫిన్ డబ్బానూ చూపించింది. "విత్తనాల కంపెనోళ్లకు గీ మీసాలు, గీ డబ్బాలు ఎందుకు నాయినా?"

"చెప్త బిడ్డా. అన్నీ చెప్త. జర లేపు."

ఆమె వంగి చంకల కింద చేతులు వేసి లేపింది. లేపాక వదల్లేదు. అంతమంది చూస్తుండగా, యూనిఫామ్‌లో ఉన్నానన్న ధ్యాస లేకుండా, తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. ఎన్ని ఏళ్లుగానో మోస్తున్న బరువు కాస్త దిగినట్టనిపించింది దేవరాజుకు. ఇరవై రెండేళ్ల కిందటి బర్రె ఆ రోజు మొదటిసారి రోడ్డు దాటి వెళ్లిపోయింది.

జేబులో ఫోన్ మోగింది. చీఫ్. "శభాష్, దేవరాజు గారూ. సోమవారం పొద్దున్నే రిపోర్టు చేయండి. లిఫ్టు ఇంకా బాగుచేయలేదు."

ఫోన్ పెట్టేసి తన బండి వైపు కుంటుతూ నడిచాడు. హెల్మెట్లను ఒక్కొక్కటే ఏరి తాడుకు గుచ్చి, వెనక కట్టుకుని, సీటు మీద కూర్చుని కిక్కు మీద కాలు పెట్టాడు. శ్రీవాణి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది. కళ్లు తుడుచుకుని జేబులోంచి చలానా మిషను తీసింది.

"బిడ్డా, దేశాన్ని కాపాడినంక గుడనా?"

"కాపాడినవ్, సరే," అంది శ్రీవాణి, నంబరు ప్లేటు చూసి మీటలు నొక్కుతూ. "ఇరవై తొమ్మిది వెనక కట్టుకొని తిరుగుతున్నవ్ గద నాయినా, ఒక్కటన్న నెత్తికి వెట్టుకుంటే ఏమైతుండె?"